ఏనాటి ఆంగ్లం? – శాస్త్రాధ్యయనంలో పాత పదాల అర్థనిర్ణయం



భాగ్యనగరంలో నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు చదువరుల నెలవులు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు ఉదయం నుండి రాత్రి వరకు పుస్తకాల ముందు కూర్చుని ఉంటారు. వారి చేతుల్లోని భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర గ్రంథాలలో అనేకం పక్కనే ఉన్న హిమాయత్‌నగర్‌లోని తెలుగు అకాడమి ప్రచురణలు. 1968లో స్థాపితమైన ఆ సంస్థ మూడు తరాల విద్యార్థులకు విజ్ఞానశాస్త్ర పరిభాషను తెలుగులో అందించింది. ఇటు దోమలగూడ రామకృష్ణ మఠంలో స్వామి వివేకానందుల ఆంగ్లోపన్యాసాల సంపుటాలు లభిస్తాయి. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పరచిన పాత పుస్తకాల్లో వెదకితే, పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా పండితులు ఆంగ్లీకరించిన ఉపనిషత్తుల పునర్ముద్రణలు సైతం చేతికి వస్తాయి.

ఈ మూడింటినీ చదివే జిజ్ఞాసువులు మనలో ఎందరో ఉన్నారు. వారిలో తరచుగా ఒక సందేహం పొడసూపుతుంది. భౌతికశాస్త్రం పరమాణువును విభజింపవచ్చునంటుంది. వైశేషికం పరమాణువు నిరవయవమూ నిత్యమూ అంటుంది. ఉపనిషత్తు ఆత్మ నుండి ఆకాశం పుట్టిందంటుంది; ఆంగ్లానువాదం ఆ ఆకాశాన్ని 'ఈథర్' అంటుంది; ఈథర్ అనేది లేనే లేదని భౌతికశాస్త్రం అంటుంది. అయితే శాస్త్రం అసత్యమా? ఈ ప్రశ్న అడిగేవారి శ్రద్ధను శంకించనక్కరలేదు. వారిని తికమకపెట్టింది తత్త్వం కాదు. మధ్యలో నిలిచిన పదం. ఆ పదం ఏనాటిది, ఆనాడు దానికి ఏ అర్థం ఉండేది అని విచారించకుండా నేటి అర్థాన్ని దానిపై ఆరోపించడం వల్లనే ఇంత చిక్కు వచ్చింది. అధ్యాసను తొలగించుకొనడానికి వేదాంతం చదివేవారు పదాల విషయంలో అదే అధ్యాసకు లోనుకావడం విచారకరం.

మొదట ఈథర్ సంగతి చూద్దాం. మాక్స్ ముల్లర్ ఉపనిషదనువాదాలు 1879లో ఒక భాగంగా, 1884లో మరొక భాగంగా వెలువడ్డాయి. అందులో ఆకాశ శబ్దానికి ఆయన ఎన్నుకొన్న పదం ఈథర్. ఆనాటి ఆంగ్ల పాఠకునికి ఆ పదం రెండు భావాలను స్ఫురింపజేసేది. ఒకటి, గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నాలుగు భూతాలకు పైన ఊహించిన దివ్యద్రవ్యం. దానినే లాటిన్‌లో 'పంచమ సారం' అన్నారు. నేడు ఆంగ్లంలో సారాంశమనే అర్థంలో వాడే 'క్వింటెసెన్స్' అన్న మాట అక్కడిదే. రెండవది, కాంతితరంగాలను మోసుకుపోయే సూక్ష్మ మాధ్యమంగా పందొమ్మిదవ శతాబ్ది భౌతికశాస్త్రజ్ఞులు భావించిన ద్రవ్యం. 1887లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగంలో ఆ మాధ్యమం జాడ కానరాలేదు. 1905లో ఐన్‌స్టీన్ తన సిద్ధాంతానికి దాని అవసరమే లేదన్నాడు. క్రమంగా ఆ ద్రవ్యం పుస్తకాల నుండి నిష్క్రమించింది.

చిత్రమేమంటే, ఆ కాలంలోనే మన నగరంలో ఈథర్ అన్న పదానికి మూడవ అర్థం వ్యవహారంలో ఉంది. 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వ ఆర్థికసహాయంతో ఇక్కడ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు శస్త్రచికిత్సలో మత్తునిచ్చేందుకు క్లోరోఫాం సురక్షితమని వాదించగా, ఈథరే మేలని వాదించేవారు ప్రపంచమంతటా ఉండేవారు. ఒకే దశాబ్దంలో ఒకే పదం వైద్యునికి మత్తుద్రవం, భౌతికశాస్త్రజ్ఞునికి కాంతిమాధ్యమం, ఉపనిషత్పాఠకునికి ఆకాశం. ఇందులో ఒకటి లేదని తేలితే తక్కిన రెండూ లేకుండా పోతాయా?

ఇంకొంచెం లోతుకు వెళదాం. వైశేషికులు ఆకాశానికి చెప్పిన లక్షణం శబ్దగుణాశ్రయత్వం. శబ్దం దేనికి గుణమో అది ఆకాశం. భౌతికశాస్త్రజ్ఞుల ఈథర్‌కు చెప్పిన పని కాంతిని వహించడం. ధ్వనిని వహించేది వారి దృష్టిలో గాలి. కనుక ఈథర్ వాదం ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లో కూడా అది మన ఆకాశం కాదు. ఆకాశ శబ్దంలోని ధాతువుకు ప్రకాశించుట అని అర్థం. గ్రీకు మాటకు మూలమైన ధాతువుకు ప్రజ్వలించుట అని అర్థం. యౌగికార్థంలో ఆ రెండు పదాలు దగ్గరివే, రూఢ్యర్థంలో వేరు. అనువాదకుడు దగ్గరగా ఉన్న పదాన్ని పట్టుకొన్నాడు. అది అతని దోషం కాదు. ఆ పదం ఆయువు తీరినప్పుడు దానితోపాటు శ్రుత్యర్థాన్ని కూడా శ్మశానానికి మోసుకుపోవడం మాత్రం మన దోషమే.

ఇక 'సైన్స్' అన్న పదం. లాటిన్‌లో దీనికి మూలమైన ధాతువుకు తెలియుట అని అర్థం. పాత ఆంగ్లగ్రంథాలలో సైన్స్ అంటే జ్ఞానం, విద్య. ఏ విద్య అయినా సరే. నేడు మనం భౌతికశాస్త్రమనే విషయాన్ని న్యూటన్ కాలంలో ప్రకృతి తత్త్వశాస్త్రం అనేవారు. 1687 నాటి ఆయన మహాగ్రంథం శీర్షికలో ఉన్న పదం అదే. సైంటిస్ట్ అన్న మాట 1830ల దశకంలో విలియం హ్యూవెల్ కల్పించినది. న్యూటన్ ఆ మాట ఎరుగడు. ఈ సంగతి తెలిసిన పాఠకునికి, పాత అనువాదాలలో బ్రహ్మవిద్యను 'సైన్స్' అన్నచోట ప్రయోగశాల స్ఫురించదు, విద్య స్ఫురిస్తుంది. తెలియని పాఠకుడు మాత్రం మన ఉపనిషత్తులను పాశ్చాత్యులే సైన్స్ అని అంగీకరించారని సభల్లో చెబుతాడు. అది ఆ అనువాదకుడు అనని మాట.

ఇదే ధాతువు నుండి వచ్చిన మరొక పదం 'నెసియన్స్'. 1890లోనూ 1896లోనూ వెలువడిన తన బ్రహ్మసూత్ర శాంకరభాష్యానువాదంలో థీబో అవిద్యకు వాడినది ఈ పదమే. నేటి ఆంగ్లంలో దాదాపు ఎవరూ వాడని మాట కనుక, తరువాతివారు దాని స్థానంలో 'ఇగ్నొరెన్స్' అన్నారు. సులువైంది, కానీ నష్టమూ కలిగింది. వ్యవహారంలో ఇగ్నొరెన్స్ అంటే సమాచారం తెలియకపోవడం, కొన్నిచోట్ల మొరటుతనం. అవిద్య సమాచారలోపం కాదు. ఎంత సమాచారం పోగుచేసినా తొలగనిది. గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ చదివిన పండితునిలోనూ అది ఉంటుంది. విద్యకు సైన్స్, అవిద్యకు నెసియన్స్ అన్నప్పుడు ఆ రెండింటి పరస్పర విరోధం పదాల్లోనే కనిపించేది. పాత పదం కొన్నిసార్లు కొత్త పదం కంటే నిర్దుష్టంగా ఉంటుందనడానికి ఇది ఉదాహరణ.

సాధనకు నేరుగా హాని చేసే పదాలు మరి రెండున్నాయి. యజ్ఞానికి ఆంగ్లంలో వాడే 'శాక్రిఫైస్' లాటిన్ మూలంలో పవిత్రం చేయుట అనే అర్థం గలది. దేవతకు సమర్పించిన వస్తువు పవిత్రమవుతుంది. ఆ భావం యజ్ఞానికి కొంతవరకు సరిపోతుంది. కాలక్రమాన ఆ పదం కోల్పోవడం, వదులుకోవడం అనే అర్థంలో స్థిరపడింది. అందువల్ల జ్ఞానయజ్ఞాన్ని 'జ్ఞానపు శాక్రిఫైస్' అన్న పాత అనువాదాన్ని నేటి విద్యార్థి చదివితే, జ్ఞానాన్ని త్యజించమని గీత బోధిస్తోందా అని విస్తుపోతాడు. అంతటితో ఆగక, ఆ ఆంగ్లం నుండి తిరిగి తెలుగులోకి వచ్చినప్పుడు యజ్ఞం కాస్తా 'త్యాగం'గానో 'బలి'గానో మారుతోంది. ఇంట్లో ఉన్న వస్తువును విదేశానికి పంపి, అక్కడ రూపం మారినదాన్ని తిరిగి దిగుమతి చేసుకొన్నట్లయింది.

రజోగుణానికి పెట్టిన 'ప్యాషన్' గతి మరీ విపరీతం. ఆ పదానికి లాటిన్ మూలంలో బాధపడుట, లోనగుట అని అర్థం. సహనవాచకమైన 'పేషెన్స్', రోగివాచకమైన 'పేషెంట్' దాని సోదరపదాలు. ప్యాషన్ అంటే పురుషుడు దేనికి వశుడై నలుగుతాడో అది. రజస్సు తృష్ణతో, కర్మసంగంతో జీవుణ్ణి బంధిస్తుందని గీతాశాస్త్ర తాత్పర్యం కనుక ఆనాటి అనువాదకుల ఎంపిక సముచితమే. నేడో? మీ ప్యాషన్ ఏమిటని ఉద్యోగానికి వెళ్ళిన అభ్యర్థిని అడుగుతారు. ప్యాషన్‌ను అనుసరించండని వ్యక్తిత్వవికాస వక్తలు ఉద్బోధిస్తారు. నాడు బంధానికి పేరైన పదం నేడు యోగ్యతాపత్రం. అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల నడుమ పరీక్షల ఆశనిరాశలతో ఏళ్ళు గడుపుతున్న యువకుడు పాత గీతానువాదంలో ఈ పదాన్ని నేటి అర్థంలో చదివితే, తన అశాంతికి కారణమైన రజస్సునే సుగుణమని పోషించుకొంటాడు. చికిత్స చేయవలసిన గ్రంథమే రోగాన్ని పెంచినట్లవుతుంది. నిఘంటువులోని ఒక పంక్తి తేడా ఒక మనస్సు శాంతికి అడ్డుపడగలదంటే ఇందుకే.

'ఇల్యూజన్' సైతం ఇటువంటిదే. ఆ పదంలో లీల, ఆట అనే అర్థంగల లాటిన్ ధాతువు దాగి ఉంది. పాత ఆంగ్లంలో అది ఆటపట్టించుట, వంచించుట. వంచించడానికి ఒక శక్తి కావాలి. ఆ శక్తిస్ఫురణ వల్ల మాయకు ఆ పదం కొంత దగ్గరగా నిలిచింది. నేడు ఇల్యూజన్ అంటే కంటికి కలిగే పొరపాటు, లేనిది. అద్వైతంలో మాయ సత్తని గాని అసత్తని గాని నిర్వచింపరానిది. ఆవరణ విక్షేపాలనే రెండు శక్తులు గలది. బ్రహ్మజ్ఞానం కలిగేవరకు వ్యావహారిక సత్తను బాధింపరానిది. ఇంత లక్షణాన్ని ఒక పదంలోకి కుదించి, ఆ పదాన్ని నేటి అర్థంలో గ్రహిస్తే మిగిలేది 'ప్రపంచం లేదు, కనుక కర్తవ్యమూ లేదు' అన్న వాదం. అద్వైతంపై ఎక్కువగా వినవచ్చే ఆక్షేపణ ఇదే. ఆక్షేపణకు గురవుతున్నది శంకరుల సిద్ధాంతం కాదు, ఒక ఆంగ్లపదం.

ఇంతవరకు చెప్పినది మన పదాలు ఆంగ్లంలోకి వెళ్ళిన మార్గం. తిరుగు మార్గం కూడా గమనింపదగినదే. 1906లో ఈ నగరంలోనే కొమర్రాజు లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. తెలుగులో ఆధునిక శాస్త్రగ్రంథాలు రావాలన్నది వారి సంకల్పం. వారు గాని, అనంతరకాలంలో తెలుగు అకాడమి గాని పరిభాష కోసం సంస్కృతాన్ని ఆశ్రయించడం సహజమే. ఫలితంగా దర్శనాల పదాలు కొత్త అర్థాలలో పునర్జన్మ ఎత్తాయి. పదార్థం అంటే పదానికి అర్థం, వైశేషికంలో ద్రవ్యగుణకర్మాదులు. నేటి పాఠ్యపుస్తకంలో ద్రవ్యరాశి గల వస్తువు. రసాయనం ఆయుర్వేదంలో వార్ధక్యాన్ని దూరం చేసే చికిత్స, నేడు కెమిస్ట్రీ. విజ్ఞానం అమరసింహుని నిర్ణయంలో శిల్పశాస్త్రాలకు సంబంధించిన బుద్ధి, గీతాభాష్యంలో శాస్త్రం వల్ల తెలిసినదానిని స్వయంగా అనుభవించడం, నేడు సైన్స్.

పరమాణువు కథ మరింత ఆసక్తికరం. 'యాటమ్' అన్న గ్రీకుపదానికి కోయరానిది అని అర్థం. డాల్టన్ 1808లో తన రసాయన సిద్ధాంతగ్రంథాన్ని ప్రచురించినప్పుడు ఆ అర్థంలోనే దానిని వాడాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. కోయరానిదనే పేరుగల వస్తువు కోయబడింది, పేరు మాత్రం మారలేదు. మన పాఠ్యపుస్తకాలు ఆ వస్తువుకే పరమాణువని పేరుపెట్టాయి. కణాదుల పరమాణువు యుక్తితో నిశ్చయించినది: విభజన అనవస్థకు పోరాదు గనుక ఎక్కడో ఒక నిరవయవం ఉండితీరాలి. రూథర్‌ఫర్డ్ చీల్చి చూపినది కణాదులు చెప్పినదానిని కాదు, డాల్టన్ చెప్పినదానిని. వైశేషికుల యుక్తి నిలుస్తుందా లేదా అన్నది వేరే చర్చ. అద్వైతులే దానిని బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో తర్కంతో ఖండించారు. ఆ ఖండన యుక్తితో జరగాలే తప్ప పేర్ల సామ్యంతో కాదు.

అర్థం చనిపోయినా పదం బ్రతికి ఉండగలదనడానికి మన జంటనగరాలే సాక్ష్యం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు చెడుగాలి అని అర్థం. గాలి వల్ల ఆ జ్వరం రాదని ఆనాటితో తేలిపోయింది; అయినా లోకం ఆ వ్యాధిని నేటికీ చెడుగాలి అనే పేరుతోనే పిలుస్తోంది. పదంలోని వ్యుత్పత్తిని బట్టి వస్తునిర్ణయం చేయబోతే ఇక్కడే మోసపోతాం.

అయితే నిర్ణయం ఎలా? మన పూర్వమీమాంసకులు ఈ ప్రశ్నను రెండువేల ఏళ్ళ క్రితమే ఎదుర్కొన్నారు. జైమిని సూత్రాల ప్రథమాధ్యాయం మూడవ పాదంలో, శబరస్వామి భాష్యంతో, పక్కపక్కనే రెండు విచారణలున్నాయి. యవ, వరాహ వంటి పదాలను కొందరు ఒక అర్థంలో, మరికొందరు మరొక అర్థంలో వాడుతుంటే ఏది గ్రాహ్యం? శాస్త్రవాక్యాలలో ఏ అర్థం కనబడుతుందో అదే గ్రాహ్యమని సిద్ధాంతం. రెండవ విచారణ: పిక, నేమ, తామరస వంటి పదాలు ఆర్యవ్యవహారంలో లేవు, మ్లేచ్ఛవ్యవహారంలో ఉన్నాయి. వీటికి మనమే ధాతువులు వెదికి అర్థం కల్పించాలా? కూడదు; ఎవరు ఆ పదాన్ని వాడుతున్నారో వారి అర్థాన్నే స్వీకరించాలని సిద్ధాంతం. స్వశాస్త్రాభిమానం మెండుగా గల మీమాంసకులు పరదేశి పదం విషయంలో పరదేశీయులకు ప్రామాణ్యం ఇచ్చారంటే వారి నిష్పాక్షికత ఎంతటిదో ఊహించండి.

మన సమస్యకు ఈ రెండు న్యాయాలే చాలు. ఆకాశం, మాయ, యజ్ఞం, రజస్సు – వీటి అర్థం శాస్త్రలక్షణం నుండి గ్రహించాలి. ఈథర్, ఇల్యూజన్, శాక్రిఫైస్, ప్యాషన్ – వీటి అర్థం వాటిని వాడినవారి నుండి, వాడిన కాలం నుండి గ్రహించాలి. మొదటివాటిని రెండవవాటితో నిర్ణయింపరాదు.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు: శబ్దార్థసంబంధం నిత్యమన్న మీమాంసకుల మతంలో పదానికి వయస్సెక్కడిది? వారు నిత్యత్వాన్ని ప్రతిపాదించారు గాని లోకంలో అపభ్రంశం, అర్థవ్యత్యాసం జరగవని అనలేదు. జరుగుతాయి కనుకనే పై విచారణలు అవసరమయ్యాయి. యాస్కుని నాటికే అనేక వైదికపదాలు దురవగాహాలు కాగా నిరుక్తం పుట్టింది. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుని పక్షాన్ని యాస్కుడు ఉదాహరించి మరీ నిరాకరించాడు. వేదపదాలకే అంత శ్రమ అవసరమైతే, నూటయాభై ఏళ్ళనాటి ఆంగ్లానికి కొంత శ్రమ అక్కరలేదా?

మరొక ఆక్షేపం ఆచరణకు సంబంధించినది. విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు ఆంగ్లమే ద్వారం; దానిని మూసివేయమంటారా? ఎంతమాత్రం కాదు. ద్వారం తెరచి ఉండాలి, గడప ఎక్కడుందో తెలిసి అడుగువేయాలి. వివేకానందస్వామి 1896 నాటి రాజయోగ గ్రంథంలో చిత్తానికి 'మైండ్-స్టఫ్' అన్న పదం వాడారు. అంతకు కొన్నేళ్ళ ముందు, 1878లో, క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త తన తత్త్వవ్యాసంలో ప్రచారంలోకి తెచ్చిన మాట అది. నాటి పాశ్చాత్య శ్రోతకు పరిచితమైన పదంతో స్వామి చిత్తాన్ని పరిచయం చేశారు. క్లిఫర్డ్ వాదాన్ని నేడు కొద్దిమందే ఎరుగుదురు. చిత్తవృత్తి నిరోధం మాత్రం సాధకులకు నేటికీ అనుభవవేద్యం. పదం పడవ వంటిది; ఆవలి ఒడ్డుకు చేరాక పడవను నెత్తిన మోయనక్కరలేదు.

నేటి ప్రవచనవేదికలపై వినబడే 'ఎనర్జీ', 'వైబ్రేషన్', 'క్వాంటం' పదాల విషయంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. ఎనర్జీకి భౌతికశాస్త్రంలో నేటి అర్థానికి దారితీసిన ప్రయోగం 1807 నాటి థామస్ యంగ్ ఉపన్యాసాలలోది. దానికి కొలత ఉంది, సూత్రముంది. అమ్మవారి శక్తిని ఎనర్జీ అంటే, ఎన్ని యూనిట్లు అని అడిగే విద్యార్థికి సమాధానం ఏది? శ్రుతిని నేటి భౌతికశాస్త్రంతో ముడిపెట్టినవారు, రేపు ఆ సిద్ధాంతం మారిన నాడు శ్రుతిని కూడా మార్చవలసి వస్తుంది. ఈథర్‌తో ముడిపెట్టినవారికి ఏమి జరిగిందో చూశాం. 'సైన్స్ మన శాస్త్రాన్ని నిరూపించింది' అనే భక్తుడు, 'సైన్స్ మీ శాస్త్రాన్ని ఖండించింది' అనే నాస్తికుడు ఒకే పొరపాటును రెండు వైపుల నుండి చేస్తున్నారు. అతీంద్రియ విషయంలో శబ్దప్రమాణం, ఐంద్రియక విషయంలో ప్రత్యక్షానుమానాలు – ఏ ప్రమాణం పరిధి దానిదే అన్నది మన ఆచార్యుల మాట.

కనుక జిజ్ఞాసువులకు నా మనవి సులభమైనది. ఆంగ్లంలో శాస్త్రగ్రంథం చేతికి వచ్చినప్పుడు ముందుగా అది ఏ సంవత్సరంలో వెలువడిందో చూడండి. పునర్ముద్రణ తేదీ కాదు, తొలిముద్రణ తేదీ. సందేహం కలిగించిన ఆంగ్లపదం పక్కన మూలపదాన్ని రాసుకోండి. ఆ మూలపదానికి శాస్త్రం చెప్పిన లక్షణాన్ని గురుముఖంగా తెలుసుకోండి. పిల్లలకు చెప్పేటప్పుడు ధర్మం, మాయ, యజ్ఞం, ఆత్మ వంటి పదాలను ఆంగ్లవాక్యంలో సైతం యథాతథంగా ఉంచండి. ఒక్క పదంతో కాక నాలుగు వాక్యాలతో వివరించండి.

గురువు మాట వచ్చింది కనుక ఒక విశేషం చెప్పి ముగిస్తాను. భూమి వస్తువులను ఆకర్షించడానికి ఆంగ్లంలో వాడే 'గ్రావిటీ' పదానికి పూర్వార్థం గాంభీర్యం, బరువైన స్వభావం. దాని లాటిన్ మూలం, మన గురుశబ్దం ఒకే ప్రాచీన ధాతువు నుండి వచ్చిన జ్ఞాతులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. వైశేషికులు పతనానికి కారణమైన గుణానికి గురుత్వమని పేరుపెట్టారు. అంతమాత్రాన న్యూటన్ నియమం కణాదులకు తెలుసునని ఎవరూ అనరాదు. ఇంతసేపూ చెప్పుకొన్నదానికి అది విరుద్ధం. ఆ జ్ఞాతిత్వం నుండి నేర్చుకోదగినది వేరు. బరువున్నది గాలికి ఎగిరిపోదు. పదాలు యుగానికొక దిక్కుకు ఎగిరిపోతుంటే, వాటి అర్థాన్ని నేలపై నిలిపి ఉంచే గురుత్వం సంప్రదాయంలో ఉంది.

స్వస్తి.